యంత్రపు మౌనమును తూచుట

గత శీతకాలమున నాగారములోని మా యింట ఒక చిన్న తగవు పుట్టినది. నా మనుమరాలు పరీక్షలకు చదువుకొనుటకై ఒక కంప్యూటరును తెప్పించుకొన్నది. దానిని నా పడకగదికి ప్రక్కగదిలో, గోడకు ఆనించిన కఱ్ఱబల్లపై నిలిపిరి. రెండు దినములు గడచినవో లేదో ఆ పిల్ల నా యొద్దకు వచ్చి, “తాతా, ఆ మిషను సన్నగ కీచుమంటున్నది. రాత్రి చదువు మీద మనసు నిలుస్తలేదు” అన్నది. నేను పోయి కుడిచెవి యొగ్గి వింటిని. ఎడమచెవి యొగ్గి వింటిని. పంకా త్రిప్పు మెత్తని గాలి తప్ప నాకేమియు వినరాలేదు. “ఏం లేదు బిడ్డా, చదువు తప్పించుకునేటందుకు నీకో సాకు దొరికింది” అని నవ్వితిని. ఆ పిల్ల మొగము చిన్నబుచ్చుకొని పోయినది.

ఆ పిల్ల చెప్పినది నిజము; నేను పలికినది తప్పు. ఆ తప్పు నాకు ఎట్లు తెలియవచ్చినదో, ఒక యంత్రము ఎంత మౌనముగా నున్నదో కొలుచుటను లోకమువారు ఎట్లు నేర్చిరో, ఆ చరిత్రలో మా తూర్పు హైదరాబాదు ప్రాంతమునకు గల పాలు ఎంతయో మీకు చెప్పవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

చప్పుడును కొలుచుట మిక్కిలి ఇటీవలి విద్య. ధాన్యమును కొలుచుటకు మానికయు కుంచమును, బంగారమునకు తక్కెడయు, పొలమునకు గొలుసును ఉండగా, చప్పుడునకు మాత్రము ఏ కొలపాత్రయు లేకుండెను. కూతవేటు దూరమని మనవారు చప్పుడుతో దూరమును కొలిచిరే గాని, చప్పుడును దేనితోను కొలువలేదు. ఆ అవసరము మొదట టెలిఫోనువారికి కలిగినది. తీగమీద పోవు మాట దారిలో ఎంత సన్నగిల్లుచున్నదో తెలియనిదే వారికి పని జరుగదు. అమెరికాలో వారు తొలుత దానిని మైళ్లలోనే చెప్పుచుండిరి: ప్రమాణముగా నేర్పరచుకొన్న తీగ ఇన్ని మైళ్ల పొడవున మాటను ఎంత తగ్గించునో, ఈ తీగయు అంత తగ్గించుచున్నది అని. మన కూతవేటుకు అది తలక్రిందులైన లెక్క. 1924లో ఆ పద్ధతిని విడిచి ఒక కొత్త ప్రమాణమును చేసికొనిరి. 1928లో దానికి, టెలిఫోనును నిర్మించిన అలెగ్జాండరు గ్రాహం బెల్లుగారి పేర, డెసిబెలు అని నామకరణము చేసిరి.

ఈ డెసిబెలు లెక్క మన కూడికల లెక్క వంటిది కాదు. దీనిని తెలిసికొనక పత్రికలలో అంకెలు చదివిన మోసపోవుదుము. 30 డెసిబెల్ల చప్పుడు చేయు యంత్రములను రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపినచో 60 కాదు. 33 మాత్రమే అగును. పది యంత్రములను నిలిపినచో 40 అగును. మన చెవికి మాత్రము ఆ పది డెసిబెల్ల పెంపు ఇంచుమించు రెట్టింపుగా తోచును. మఱియు సున్న అనగా చప్పుడు బొత్తిగా లేకపోవుట కాదు. ఆరోగ్యముగల పడుచు చెవికి అందీ అందని అత్యల్పమగు సద్దునకు సున్న అని పేరు పెట్టిరి. కావుననే సున్నకు దిగువను కూడ అంకెలు కలవు. అమెరికాలోని రెడ్‌మండు పట్టణమున మైక్రోసాఫ్టు సంస్థవారు కట్టిన ఒక గదిలో 2015లో సున్నకు 20 డెసిబెల్లు దిగువగా కొలిచిరి.

కొలుచుటకు సాధనము కావలెను గదా. 1926లో జర్మనీదేశమున బార్క్‌హౌజెన్ అను శాస్త్రజ్ఞుడు చేతపట్టుకొని పోదగిన ఒక పరికరమును చేసెను. ఒక చెవితో వీధి రొదను వినుచు, రెండవ చెవికి టెలిఫోను గొట్టమును ఆనించి అందులోని బుయ్యిమను శబ్దమును వినవలెను. రెండును సమానముగా తోచువరకు మరను త్రిప్పి, ఆ మరపై గీతను చూచి చప్పుడింత అని చెప్పవలెను. ఇది మనుష్యుని చెవినే తక్కెడగా చేసిన యుపాయము. 1929లో న్యూయార్కు నగరమువారు రొదను అరికట్టుటకై ఒక సంఘమును వేసి, మోటారు బండిపై పరికరములనెక్కించి వీధివీధిని కొలిపించిరి. అయితే చెవియే తక్కెడయైనచో, ఆ చెవి చెడినవాని మాట ఏమగును? ఈ ప్రశ్నను మరల ఎత్తుకొందును.

1933లో ఫ్లెచరు, మన్సను అను నిరువురు అమెరికా శాస్త్రజ్ఞులు చెవియొక్క పక్షపాతమును పట్టుకొనిరి. ఒకే బలముగల ధ్వనులలో మంద్రమును చెవి తక్కువగాను, నడిమి స్థాయిని ఎక్కువగాను వినుచున్నదని వారు గీతలు గీచి చూపిరి. 1936లో అమెరికాలో ధ్వనిమాపకమునకు తొలి ప్రమాణము ఏర్పడినప్పుడు, చెవివలెనే మంద్రమును తగ్గించి లెక్కించు ఒక జల్లెడను అందులో పొందుపరచిరి. దానికి ‘ఏ’ అని పేరు. నేటికిని కంప్యూటరు చప్పుడును ఈ ‘ఏ’ జల్లెడ పట్టియే చెప్పుచున్నారు. ఆ జల్లెడ కన్నులు బాగుగా వినగల చెవుల కొలతకు తొలిచినవి. నా వంటి ముసలి చెవుల కొలతకు కాదు.

మా తగవును తీర్చుటకై ఒక ధ్వనిమాపకమును ఎరువు తెచ్చితిమి. చేతి ఫోనులలో చప్పుడు కొలుచు పనిముట్లు ఊరక దొరకును గాని, అతి సన్నని సద్దునకు అవి పనికిరావు. ఫోనులోని మైకునకు తనదైన బుస యొకటి యుండును. రేడియో ముల్లును స్టేషనుకు స్టేషనుకు నడుమ నిలిపినప్పుడు మీరు వినునట్టి బుసయే అది. తన బుసకంటె సన్నమైన దానిని ఏ మైకును వినజాలదు.

పగలు పదునొకండు గంటలకు యంత్రమును కట్టివేసి కొలువగా 52 అని చూపినది. యంత్రమును నడిపించి కొలువగా అదియు 52. అనగా యంత్రము చప్పుడే చేయుట లేదా? కాదు. వీధిలో ఆటోలు, ఎదుటి యింటి కట్టడమున రాళ్లు కోయు యంత్రము, పైన విమానము, వీని రొదలో అది మునిగిపోయినది. అంగడివాడు తూచుటకు ముందు ఖాళీ తక్కెడను ఎత్తి చూచును. ఒక చిప్ప క్రుంగియున్నచో ఎదుటి చిప్పలో చిన్నరాయి వేసి సరిచేయును. దానినే పాసంగమందుము. చప్పుడును తూచువారికి పరిసరముల రొదయే పాసంగము. మా పాసంగము పగటిపూట సరకు కంటె ఎన్నోరెట్లు బరువుగా నున్నది. ఉప్పలు త్రోవలో 1961లో స్థాపించబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యున్నది గదా. భూకంపములను వినువారికిని ఇదే చిక్కు. లారీలు పోవుట, రైళ్లు పోవుట, చెట్లు గాలికి ఊగి వేళ్లను కదల్చుట, ఇవన్నియు నేలను వణకించుచునే యుండును. ఆ వణకును వారు కూడ రొద అనియే పిలుతురు.

కావున రాత్రి రెండు గంటలవరకు కాచుకొంటిమి. నాగారము నా బాల్యమున నిజముగా ఊరు. కీసరగుట్టకు పోవు త్రోవలో పొలములు, బావులు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఊరు మాటుమణిగినదనగా నిజముగానే మాటుమణిగెడిది. మోట గిలక కిఱ్ఱుమనుట ఎన్ని పొలముల కవతలనుండియో వినవచ్చెడిది. 2018లో ఇది మున్సిపాలిటీ అయినది. ఇప్పుడు రాత్రి రెండు గంటలకు కూడ ఊరు మాటుమణుగుట అరుదు. అయినను ఆ రాత్రి ఫ్రిజ్జును ఆపి, పైపంకాను ఆపి, గోడగడియారమును తీసి అవతల గదిలో దుప్పటిలో చుట్టి, ఇంటిల్లిపాది ఊపిరి బిగబట్టి కూర్చుంటిమి. 31 అని చూపినది. యంత్రమును నడిపించగా 34. మూడు డెసిబెల్లు పెరిగినవి. ఇందాక చెప్పిన లెక్క జ్ఞాపకమునకు తెచ్చుకొనుడు: రెండు సమానమగు చప్పుళ్లు కలిసినగాని మూడు పెరుగవు. కావున పాసంగమెంతయో యంత్రమంత. అదియు 31 అనుకొంటిమి.

సంతోషించి ఈ సంగతిని ధ్వనిశాస్త్రము నెఱిగిన ఒక మిత్రునకు చెప్పగా ఆయన తల యూపి, ఇది కొలత కాదనెను. పాసంగమునకును మొత్తమునకును నడుమ కనీసము ఆరు డెసిబెల్ల అంతరముండవలెను. పది యున్నచో మరియు మేలు. మూడే యున్నచో, యంత్రపు చప్పుడు ఇంతకు మించదని మాత్రమే చెప్పవచ్చును గాని ఇంత అని చెప్పరాదు. మన దేశపు 2000 సంవత్సరపు రొదనియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి పది మొదలు ఉదయమాఱు వరకు 45 డెసిబెల్లు హద్దు. మంచి కంప్యూటరు దానికి ఎంతో దిగువ నుండును. అందువలన, వీధి చట్టమునకు లోబడియున్నను, ఇంటిలో కూర్చుండి కంప్యూటరు చప్పుడును తూచుట సామాన్యముగా సాధ్యము కాదు. గోడలకు, కప్పునకు మెత్తని శూలములవంటి తొడుగులు పెట్టి ప్రతిధ్వనిని మ్రింగివేయు గదులను అందుకే కట్టుచున్నారు.

ఇక ఈ యంత్రములు చప్పుడు చేయుట ఎందుకు? ఈ కథను బాబేజీనుండి మొదలుపెట్టవలెను. ఇంగ్లండున చార్లెసు బాబేజీ అను గణితశాస్త్రవేత్త పందొమ్మిదవ శతాబ్దమున ఇత్తడి పండ్లచక్రములతో లెక్కలు చేయు యంత్రములను ఊహించెను. ఆయనకు వీధిలో పెట్టెవాద్యములు వాయించువారన్న ఒడలు మండెడిది. వారి మూలమున తన పనిలో నాలుగవపాలు నష్టమైనదని వాపోయి, 1864లో ప్రకటించిన స్వీయచరిత్రలో వీధిరొదపై ఒక అధ్యాయమునే వ్రాసెను. ఆ యేడే లండనులో వీధివాద్యములను అదుపుచేయు చట్టము వచ్చినది. వాద్యగాండ్రు పగబట్టి ఆయన కిటికీ క్రిందనే చేరి వాయించెడివారట! కంప్యూటరును తొలుత ఊహించినవాడే లోకమున చప్పుడునకు అందఱికంటె మిన్నగా అలిగినవాడగుట నాకు వింతగా తోచును. ఆయన యంత్రములు ఆయన బ్రతికియుండగా పూర్తికాలేదు.

1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను యంత్రమున ఇంచుమించు 18,000 వాల్వు బుడ్డులుండెను. మన పాత రేడియోలలో అయిదాఱు బుడ్డులే పెట్టెను వెచ్చజేయుట మీకు తెలియును. ఆ యంత్రము 150 కిలోవాట్ల విద్యుత్తును త్రాగి అంతయు వేడిగా విడిచెడిది. ఆ వేడిని తోలుటకు పెద్ద గాలిమరలు కావలసివచ్చెను. కంప్యూటరు చప్పుడునకు మూలమక్కడనే యున్నది. లెక్క చేయుటలో చప్పుడు లేదు. లెక్క చేయగా పుట్టిన వేడిని వెడలగొట్టుటలో చప్పుడున్నది.

మన దేశమునకు 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థవారు ఇంగ్లండునుండి ఒక కంప్యూటరును తెప్పించిరి. బొంబాయిలో టాటా పరిశోధన సంస్థవారు తామే ఒకటి నిర్మించి 1960లో పనిలో పెట్టిరి. పిమ్మట మా ప్రాంతపు వంతు వచ్చినది. 1967 ఏప్రిలు 11వ తేదీన అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఆఫ్ ఇండియా, అనగా మన ఇ.సి.ఐ.ఎల్., హైదరాబాదునకు తూర్పున నెలకొన్నది. దానికి ఆద్యుడు అయ్యగారి సాంబశివరావుగారు. వారు 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, అమెరికాలోని స్టాన్‌ఫర్డునను చదివి, ట్రాంబేలో హోమీభాభాగారి క్రింద పనిచేసిరి. 2003లో కీర్తిశేషులైరి. ఏ.యస్. రావు నగరు వారి పేర వెలసినదే. ట్రాంబేలో 1969లో రూపొందిన టి.డి.సి. 12 అను కంప్యూటరునకు వారసులుగా ఇక్కడ 1974లో టి.డి.సి. 312, 1975లో టి.డి.సి. 316, 1978లో మైక్రో 78 వెలువడినవి. టి.డి.సి. అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. విదేశమునుండి యంత్రము దొరకుట దుర్లభమైన ఆ కాలమున, కుషాయిగూడ పొలముల నడుమ కంప్యూటరు తయారగుచున్నదనగా మేము పొంగిపోతిమి.

ఆనాటి కంప్యూటరు గది ఒక చిన్న కర్మాగారము. చలువయంత్రములు ఒకప్రక్క హోరెత్తును; బీరువాల వంటి పెట్టెలలో పంకాలు తిరుగును; చిల్లుల కాగితపు పట్టె చదువుమర టకటకలాడును; టెలిప్రింటరు సుత్తి వేసినట్లు కొట్టును. అయినను ఆ చప్పుడును అందఱును ద్వేషించిరని తలపరాదు. మొదటితరపువారు కొన్ని యంత్రములకు కావలెననియే ఒక లౌడుస్పీకరును తగిలించిరి. యంత్రము లెక్కలో ముందుకు పోవుచున్నదో, ఒకచోటనే గుండ్రముగా తిరుగుచున్నదో ఆ కూత వినియే చెప్పగలిగెడివారు. 1951లో మాంచెస్టరు విశ్వవిద్యాలయపు కంప్యూటరు అట్టి స్పీకరుద్వారా పాటలు వాయించగా బ్రిటిషు రేడియోవారు దానిని రికార్డు చేసిరి. గానుగ ఆడించువాడు కిఱ్ఱు మారినంతనే రోలు ఎండినదని గ్రహించునట్లు, ఆనాటి యంత్రపాలకుడు చప్పుడు మారినంతనే లేచి పోయెడివాడు. మౌనయంత్రముతో ఆ విద్య నశించినది. లాభమో నష్టమో చెప్పజాలను.

అన్నిటిలోను ఘోరమైనది పంక్తి ముద్రణ యంత్రము. అచ్చు అక్షరముల గొలుసు గిరగిర తిరుగుచుండగా, వరుసగానున్న సుత్తులు కాగితముపై కొట్టును. నిమిషమునకు వందలకొలది పంక్తులు. మూత తెరచినచో 80 డెసిబెల్లను దాటుట సామాన్యము. నేను ఇరువదిమూడేండ్ల ప్రాయమున నగరములోని ఒక కార్యాలయపు లెక్కల విభాగమున అట్టి యంత్రముల గదిలో చేరి పదునొకండేండ్లు పనిచేసితిని. ఇరుకుగది, యంత్రములు మూడు, కాగితము తరచు చిక్కుకొనుచున్నదని మూతలు తెరచియే నడిపెడివారము. నా ఎడమచెవి గోడవైపు యంత్రమునకు జానెడు దూరమున నుండెడిది. సాయంకాలము ఇల్లు చేరినపిమ్మట గంటసేపు చెవులలో ఈలవేసినట్లుండెడిది. చెవులలో దూది పెట్టుకొన్నవానిని చూచి మేమే నవ్వెడివారము. ఎవరును మాకు చెప్పలేదు. మేమును ఎవరిని అడుగలేదు.

ఇది కొత్త రోగమేమియు కాదు. వెనిసు నగరపు కంచరివారు రాగిని కొట్టి కొట్టి చెవిటివారగుచున్నారని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1713లోనే వ్రాసెను. మన ఊళ్లలోను కంచరి ముసలివానిని గట్టిగా పిలువవలసినదే. రొదవలన కలుగు చెవుడును మన ఫ్యాక్టరీల చట్టము తెలియజేయవలసిన వృత్తిరోగములలో చేర్చినది. దినమునకు ఎనిమిది గంటలకు 90 డెసిబెల్లను హద్దుగా ఆ చట్టపు నియమములు చెప్పినవి. అయితే హద్దునకు లోపలనున్న చప్పుడు చెవులన్నిటికిని క్షేమమని దీనికి అర్థము కాదు.

ఆ రాత్రి కొలత పనికిరాకపోగా మిత్రుడు ఇంకొకమాట చెప్పెను. “యంత్రమును పిమ్మట తూచవచ్చును, మొదట మీ చెవిని తూపించుకొనుడు” అని. చెవి వైద్యుని యొద్దకు పోయితిని. ఆయన చెవులకు గొట్టములు తగిలించి మంద్రమునుండి తారమువరకు ఒక్కొక్క స్వరమును వినిపించి, వినవచ్చినప్పుడెల్ల మీట నొక్కుమనెను. తుదకు గీచిన పటమున, సెకనుకు 4,000 కంపనముల చోట నా ఎడమచెవి గీత గోతిలో పడినట్లు దిగినది. రొదవలన చెడిన చెవికి అదియే ముద్ర. అంతకుపై స్వరములలో రెండు చెవులును దాదాపు శూన్యము; అందులో ముసలితనపు పాలు కొంత, ముద్రణయంత్రపు పాలు కొంత. సంభాషణ వినబడును గనుక ఇన్నేండ్లు నా చెవులు బాగున్నవనియే తలచితిని. మా ఇంటివారు మాటిమాటికి “మీకు పిలిచినా వినపడదు” అనుట కోపముచేతనని తలచితిని.

నాటి యంత్రములు పోయినవి. రానురాను వానికి విద్యుత్తు తగ్గి, వేడి తగ్గి, గాలిమరల అవసరము తగ్గినది. పంకా వేగమును సగమునకు తగ్గించినచో దాని చప్పుడు ఇంచుమించు 15 డెసిబెల్లు పడిపోవును. కావున చిన్నపంకాను వడిగా త్రిప్పుటకంటె పెద్దపంకాను మెల్లగా త్రిప్పుట మేలు. పెద్ద తాటాకు విసనకఱ్ఱతో నిదానముగా విసరినచో నిద్రపోవు బిడ్డ కదలదు. చిన్న అట్టముక్కతో గబగబ విసరినచో మేల్కొనును. కొన్ని కంప్యూటర్లలో సమాచారమును దాచు పళ్లెము నిమిషమునకు 7,200 మార్లు తిరుగును. అనగా సెకనుకు 120. ఆ సన్నని ఝుంకారము పెట్టెనుండి బల్లకు, బల్లనుండి గోడకు ప్రాకి, తంబుర బుఱ్ఱలోవలె పెరుగును. మడచిన కంబళిని పెట్టె క్రింద, గాలి పోవు కన్నములు మూసికొనకుండ, పరచిన చాలు, సగము తగవు తీరును. తిరుగు పళ్లెము లేని సమాచారపు పెట్టెలు ఇప్పుడు వచ్చినవి. వానిలో కదలునది ఏదియు లేదు. పంకాయే లేని బల్లకంప్యూటరు 1984లోనే అమెరికాలోని ఆపిలు సంస్థ మెకింటాషు అను పేర అమ్మినది. మన జేబులోని ఫోనులు ఎనియాక్ కంటె ఎన్నో లక్షల రెట్లు వడిగా లెక్కించునవే. ఒక్క పంకాయు లేదు.

అమ్మువారు పత్రములపై వ్రాయు అంకెలను గూర్చి ఒక హెచ్చరిక చెప్పవలెను. ఐరోపా కంప్యూటరు తయారీదారుల సంఘము 1981లోను, అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1988లోను, ఈ చప్పుడును ఎట్లు కొలువవలెనో, ఎట్లు ప్రకటింపవలెనో నియమములు చేసిరి. ప్రక్కన నిలిచినవాని స్థానము యంత్రమునకు ఒక మీటరు దూరము, నేలకు మీటరున్నర ఎత్తు. మంటకు కట్టె విడుచు వేడి వేఱు, నీకు తగులు సెగ వేఱు గదా. అట్లే యంత్రము విడుచు ధ్వనిశక్తి వేఱు. నీ చెవియొద్దకు వచ్చు ధ్వనిపీడనము వేఱు. ఈ రెండింటిని జనులు కలగాపులగము చేయుచున్నారని శక్తిని బెల్లులలోను, పీడనమును డెసిబెల్లలోను ప్రకటింపుడని ఆ నియమము విధించినది. పత్రముపై 4 బెల్లులని యున్నచో అది 40 డెసిబెల్ల శక్తి. ఎంత దూరమున కొలిచిరో చెప్పక ఊరక “20 డెసిబెల్లు” అని వ్రాసినచో, ధర వ్రాసి తూకము వ్రాయని అంగడిచీటి యని యెఱుగుడు.

ఇక మా తగవు. మిత్రుడు తన పరికరమును తెచ్చి, మొత్తము చప్పుడును ఒక్క అంకెగా గాక, మంద్రమునుండి తారమువరకు పాయలుపాయలుగా విడదీసి తెరపై చూపించెను. అంతయు నున్నగా గుట్టవలె నుండి, కుడివైపున మిక్కిలి తారస్థాయిలో ఒక్కచోట మాత్రము తాటిచెట్టువలె సన్నని గీత నిలువున లేచినది. యంత్రములోని విద్యుత్తు పెట్టెలో తీగచుట్ట యొకటి వడిగా వణకుచు చేయు ఈల అది. మొత్తపు అంకెలో దాని బరువు లెక్కకు రానంత స్వల్పము. పదునెనిమిదేండ్ల చెవికి మాత్రము సూదివంటిది. ఇట్టి ఒంటిస్వరములను వేఱుగా వెదకి చెప్పవలెనని కంప్యూటరు నియమములలో ఒక విధి కలదు. ఒక్క అంకె చాలదని వారికి తెలిసినదే. “ఇప్పుడు ఈల వినవచ్చుచున్నదా?” అని మిత్రుడు నన్నడిగెను. లేదంటిని. నా మనుమరాలు కన్నులు మూసికొనియే, యంత్రము ఎప్పుడాగెనో ఎప్పుడు నడిచెనో పదిమార్లకు పదిమార్లు సరిగా చెప్పినది. ఆ విద్యుత్తు పెట్టెను మార్పించితిమి. గీత పోయినది. నేను ఆ పిల్లను తప్పు క్షమింపుమని అడిగితిని. అది సిగ్గుపడి, “పోనీ తాతా” అని లోపలికి పరుగెత్తినది.

మా ప్రాంతమునుండి వెలువడిన ఇంకొక యంత్రమును చెప్పి చాలింతును. ఎన్నికల కమీషనువారు 1977లో వోటుయంత్రమును గూర్చి ఇ.సి.ఐ.ఎల్. వారిని అడుగగా, 1979లో నమూనా తయారైనది. 1980 ఆగస్టు 6వ తేదీన పార్టీలవారికి చూపిరి. 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గమున 50 కేంద్రములలో తొలిసారి వాడిరి. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సు వారును ఇ.సి.ఐ.ఎల్. వారును నేటికిని దానిని చేయుచున్నారు. మీలో అనేకులు ముట్టుకొన్న మొట్టమొదటి ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రము అదియే అయియుండును. బ్యాటరీతో నడచును, పంకా లేదు, తిరుగు పళ్లెము లేదు. దానిని చేసినవారు మౌనముగానే విడిచియుండవచ్చును. కాని మీట నొక్కినవానికి తన వోటు పడినదో లేదో తెలియవలెను గదా. అందుకై దానికి ఒక కూతను పెట్టిరి. చీటి చూపు పెట్టె 2013లో వచ్చినపిమ్మట ఆ చీటి ఏడు సెకనులు కంటికి కనబడుచున్నది. కూతను మాత్రము తీసివేయలేదు. మొన్నటి ఎన్నికలలో మీట నొక్కి, చీటి చూచి, అలవాటుగా ఎడమచెవి యొగ్గి నిలిచితిని. ఏమియు వినరాలేదు. తల త్రిప్పి కుడిచెవి యొగ్గితిని. దీర్ఘముగా మ్రోగుచుండెను.